ఏడో నెలలో పొడిబారిన చనుమొనలు: ఏం చేయాలి, ఏం మానాలి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇది మీకు తొలి కాన్పు, ఏడో నెల నడుస్తోంది, సీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చారు. నెల రోజులుగా చనుమొనలు పొడిబారి సన్నగా పొట్టు రాలుతోంది, స్నానం తరువాత చురుక్కుమంటోంది, అప్పుడప్పుడు కొనమీద పసుపుపచ్చని చెక్కు కనబడుతోంది, ఎడమవైపు మొన చదునుగా లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంది. మీ పెద్దమ్మగారేమో ఇప్పటినుంచే రోజూ బీరకాయ పీచుతో రుద్దుకుంటే చర్మం గట్టిపడి, రేపు బిడ్డ పాలు తాగేటప్పుడు పగలదని చెబుతున్నారు. ఆవిడ మాట వినాలా వద్దా అన్నది మీ ప్రశ్న. ప్రసూతి వార్డులో నర్సుగానూ, ఆ తరువాత తల్లిపాల సలహాదారుగానూ 26 ఏళ్లు పనిచేసినదాన్ని కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాను: వద్దు, ఆ పీచును ఆ చోటికి తీసుకుపోకండి.

ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ చర్మం ఎలాంటిదో ముందు తెలియాలి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే, మొన చుట్టూ ఉన్న నల్లటి వలయం మీద ఆవగింజంత చిన్న చిన్న పొక్కుల వంటివి కనబడతాయి. కడుపుతో ఉన్నప్పుడు అవి మరీ స్పష్టంగా తేలతాయి కాబట్టి, చాలామంది వాటిని మొటిమలనుకుని గిల్లుతారు. అవి మొటిమలు కావు, నూనె గ్రంథులు. 1837లో ఐర్లండ్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు విలియం మాంట్‌గోమరీ వీటిని వివరంగా వర్ణించాడు కనుక నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఇవి స్రవించే సన్నని జిడ్డు ఆ చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది, సూక్ష్మక్రిముల నుంచి కొంతవరకు కాపాడుతుంది. దాని వాసన అప్పుడే పుట్టిన బిడ్డకు రొమ్ము ఎటువైపు ఉందో కూడా చెబుతుంది. ఇంకా కళ్లు సరిగా విప్పని పసికందు తల్లి గుండెల మీద పడుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ తనంతట తానే పాలను వెతుక్కుంటూ పోవడం ఎన్నోసార్లు దగ్గరనుంచి చూశాను. పీచుతో రుద్దినా, సబ్బుతో తోమినా, స్పిరిట్‌తో తుడిచినా ముందుగా పోయేది ఆ జిడ్డే. పోయిన చోట చర్మం ఎండి, కంటికి కనబడని చీలికలు పడతాయి. గట్టిపడటం అనేది అరికాలి చర్మానికి సాధ్యం కానీ, పెదవిలాంటి ఈ చర్మానికి సాధ్యం కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు నేర్పిందీ ఇదే: ఎనిమిదో నెల నుంచి గరుకు తువ్వాలుతో రోజుకు రెండు పూటలా రుద్దుకోమని, తరువాత మొనను లాగి వదలమని. నేను కూడా ఏ అనుమానమూ లేకుండా కొన్నాళ్లు ఎందరికో చెప్పాను. చెప్పింది చెప్పినట్టు శ్రద్ధగా చేసిన ఒక తల్లి, కాన్పుకు వచ్చేసరికే రెండు వైపులా పగుళ్లతో వచ్చింది, మొదటి రోజు బిడ్డను దగ్గరకు తీసుకోగానే ఏడ్చేసింది. ఏమీ చేయకుండా వచ్చిన పక్క మంచం ఆమె హాయిగా పాలిచ్చుకుంటోంది. ఆ రోజు నుంచి ఆ సలహా మానేశాను, తరువాత వచ్చిన పాఠ్యపుస్తకాలూ మానేశాయి. కాబట్టి మీ పెద్దమ్మగారిని తప్పుపట్టవద్దు, ఆవిడ కాలంలో ఆసుపత్రుల్లోనే ఈ మాట చెప్పేవారు.

ఇక పొడిబారడానికి కారణాలు చాలావరకు మన స్నానాల గదిలోనే దొరుకుతాయి. గర్భం మూలంగా రొమ్ము పెరుగుతుంది, చర్మం సాగుతుంది, సాగిన చర్మం ఎండటం సహజమే. దానికి తోడు సబ్బు, ఉప్పుదేలిన బోరు నీళ్లు, మరీ వేడినీళ్ల స్నానం, రాత్రంతా ఏసీ, గట్టిగా పట్టేసే నైలాన్ లోదుస్తులు ఉంటే పొట్టు రాలక ఏమవుతుంది? పుట్టింట్లో పెట్టే నలుగు సంగతి కూడా అంతే: సున్నిపిండి చేతులకూ వీపుకూ మంచిదే కావచ్చు కానీ, ఆ నలుగును మొనల దగ్గరకు పోనీయకండి. మీరు చేయవలసింది పెద్దగా లేదు. ఆ చోట సబ్బు పూర్తిగా మానేసి గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే చాలు. స్నానం తరువాత పాత నూలు గుడ్డతో రుద్దకుండా అద్ది, కొద్దిగా తడి మిగిలి ఉండగానే రెండు చుక్కల శుభ్రమైన కొబ్బరినూనె వేలికొనతో రాయండి. మళ్లీ పడుకోబోయే ముందు ఒకసారి రాస్తే రోజుకు సరిపోతుంది. రెండు చుక్కలంటే రెండు చుక్కలే. ఎక్కువ రాస్తే గుడ్డకు అంటి, చెమటతో కలిసి చెమటకాయలు లేస్తాయి. కొబ్బరినూనె పడనివారు వాసన లేని పెట్రోలియం జెల్లీ రాసుకోవచ్చు. గొర్రె ఉన్ని నుంచి తీసే శుద్ధి చేసిన లానోలిన్ లేపనం కూడా మంచిదే, అయితే ఉన్ని బట్టలు వేసుకుంటే ఒళ్లు దురద పెట్టేవారు దాన్ని ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసుకోవాలి.

రాయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో ఎక్కువ నష్టం వీటితోనే జరుగుతుంది. కర్పూరం కలిపిన కొబ్బరినూనె చాలా ఇళ్లలో సీసాలో సిద్ధంగా ఉంటుంది. కర్పూరం పసిపిల్లలకు విషం వంటిది కనుక ఆ సీసాను ఇప్పటినుంచే వేరే గదిలో పెట్టండి. ఆముదం బిడ్డ నోట్లోకి పోతే విరేచనాలవుతాయి. టాల్కం పౌడరు ఉన్న కాస్త తేమనూ పీల్చేస్తుంది. ఎవరైనా వేపాకు ముద్ద రాయమంటే, మన ఊళ్లలో పాలు మాన్పించడానికి తల్లులు రాసుకునేది ఆ వేపాకునే అని గుర్తుచేయండి.

కొనమీద కనబడే పసుపుపచ్చని చెక్కు గురించి మీరు భయపడ్డారు కానీ, అది చీము కాదు, ముర్రుపాలు. నాలుగో నెల దాటేసరికే రొమ్ములో ముర్రుపాలు తయారవడం మొదలవుతుంది, కొందరికి ఆరు ఏడు నెలల్లో ఒకటి రెండు చుక్కలు బయటికి కారి ఎండిపోతాయి. దాన్ని గోటితో గీకితే కింద చర్మం లేచి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డను రెండు మూడు నిమిషాలు వేసి ఉంచితే దానంతట అదే నాని ఊడిపోతుంది. పాలు ఉన్నాయా లేదా అని నొక్కి చూడటం మాత్రం చేయకండి. ఒకమాట: కారినవారికి రేపు పాలు ఎక్కువ పడతాయనీ, కారనివారికి తక్కువనీ అనుకోవడం ఒట్టి అపోహ. చుక్క కూడా కారని తల్లులు కవలలకు సరిపడా పాలిచ్చారు.

పైన చెప్పిన జాగ్రత్తలతో రెండు వారాల్లో తేడా కనబడాలి. కనబడకపోతే మీ గైనకాలజిస్టుకు గానీ చర్మ వైద్యులకు గానీ చూపించండి. దురద విపరీతంగా ఉండి ఎర్రబడి, నీరు కారి, చెక్కు కట్టి, మోచేతి మడతల్లో, మెడ దగ్గర కూడా అలాగే ఉంటే అది ఎగ్జిమా కావచ్చు. దానికి గర్భిణులు వాడదగిన లేపనాలు ఉన్నాయి, మందుల షాపులో అడిగి తెచ్చుకునే పని కాదు. చర్మం నిగనిగలాడుతూ గులాబీ రంగుకు తిరిగి మంట పుడుతుంటే ఫంగస్ వల్ల కావచ్చు, అందులోనూ ఒంట్లో చక్కెర ఎక్కువ ఉన్నవారికి ఇది తరచుగా వస్తుంది. ఒక్క వైపే, ఒకే చోట పుండులా ఉండి వారాలు గడిచినా మానకపోయినా, మొన నుంచి రక్తం కలిసిన నీరు కారినా, గడ్డ చేతికి తగిలినా, ఇదివరకు బయటికి ఉన్న మొన కొత్తగా లోపలికి పోయినా ఆ వారంలోనే చూపించాలి. వీటిలో చాలావరకు ప్రమాదం లేనివే తేలతాయి. కానీ అరుదుగా రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకం మొనమీద ఎగ్జిమాలాగే మొదలవుతుంది కాబట్టి, సిగ్గుపడి దాచుకోవడం తగదు.

మీ ఎడమవైపు మొన సంగతికి వస్తాను. మీకు చిన్నప్పటి నుంచీ అలాగే ఉందని రాశారు కనుక భయం లేదు. బొటనవేలు, చూపుడువేలు మొన మీద కాకుండా నల్లటి వలయం అంచున పెట్టి ఒకసారి మెల్లగా నొక్కి చూడండి. మొన ముందుకు వస్తే అది చదునైనదే తప్ప లోపలికి అతుక్కున్నది కాదు. మరింత లోపలికి పోతే అతుక్కున్నదన్నమాట, అప్పుడు కాన్పు అయ్యాక కొంత సాయం కావలసి రావచ్చు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, రోజూ చేయవద్దు. పూర్వం రెండు బొటనవేళ్లతో మొనను అటూ ఇటూ సాగదీసే వ్యాయామాలు నేర్పేవారు, లోదుస్తుల్లో ప్లాస్టిక్ చిప్పలు పెట్టుకోమనేవారు. 1992లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరీక్షలో వ్యాయామాల వల్ల ప్రత్యేక లాభమేమీ కనబడలేదు. చిప్పలు వాడమన్నవారిలోనైతే ఆరు వారాల తరువాత పాలిస్తున్నవారు తగ్గారు కూడా. నెలలు నిండేకొద్దీ, కాన్పు తరువాతా ఆ చర్మం దానంతట అదే సాగే గుణం పెంచుకుంటుంది. పైగా బిడ్డ తాగేది రొమ్మును, మొనను కాదు. ఈ ఒక్క సంగతి తెలియక, మొన లేదని రొమ్ము మానిపించి డబ్బాపాలకు మళ్లించిన కుటుంబాలను తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కాన్పు తరువాత కూడా మొన రాకపోతే మేము వార్డులో చేసే ఉపాయం ఒకటుంది. కొత్త 10 లేదా 20 మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని, సూది తగిలించే వైపు కొనను బ్లేడుతో కోసేస్తాం. ప్లంజరును బయటికి లాగి, కోసిన వైపు నుంచి లోపలికి దూరుస్తాం. అప్పుడు రెండో వైపున ఉన్న నున్నటి అంచు రొమ్ముకు ఆనేందుకు వీలవుతుంది. కోసిన గరుకు అంచు ఎన్నడూ చర్మానికి తగలకూడదు. దాన్ని మొన మీద ఆనించి తల్లి తన చేత్తోనే ప్లంజరును మెల్లగా లాగి, అర నిమిషం నుంచి నిమిషం పాటు పట్టుకోవాలి. నొప్పి పుడితే అక్కడికి ఆగి, తీసేముందు ప్లంజరును కాస్త వెనక్కి నెట్టి పట్టు వదిలించి, వెంటనే బిడ్డను పట్టించాలి. దీన్ని పాలు పట్టబోయే ముందు, కాన్పు అయ్యాకే చేయాలి. ఏడో నెలలో కాదు.

ఏడో నెలలో ఎందుకు వద్దంటున్నానంటే, మొనను పదేపదే లాగినా నలిపినా మెదడు ఆక్సిటోసిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది, పాలను బయటికి నెట్టేదీ, గర్భసంచిని ముడుచుకునేలా చేసేదీ అదే. నూనె రాసుకోవడం వల్ల ఏమీ కాదు. కానీ ముందు నెలలు నిండకుండా కాన్పు అయినవారు, మాయ కిందికి ఉన్నవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, కవలలు ఉన్నవారు మర్దనలూ లాగడాలూ అసలు చేయకూడదు. గర్భంతో షుగరు వచ్చిన తల్లులకు మాత్రం ఒక మినహాయింపు ఉంది: వేరే చిక్కులేవీ లేకపోతే 36 వారాలు దాటాక ముర్రుపాలను చేత్తో పిండి, చిన్న సిరంజీల్లో పట్టి ఫ్రీజరులో దాచుకోమని కొందరు డాక్టర్లు చెబుతారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన, అటువంటి తల్లులలో ఇది బిడ్డకు హాని చేయలేదని చూపింది. అయినా అది మీ డాక్టరు చెప్పి, నేర్పాకే చేయవలసిన పని.

ఇంత చెప్పినా అసలు భయం మిగిలే ఉంటుంది: రుద్దకపోతే రేపు పగలవా? పగుళ్లు వచ్చేది చర్మం మెత్తగా ఉన్నందుకు కాదు, బిడ్డ పట్టు సరిగా లేనందుకు. దీన్ని ఇప్పుడే మీ నోటితో తెలుసుకోవచ్చు. చేతులు కడుక్కుని చూపుడువేలును మొదటి కణుపు వరకు నోట్లో పెట్టుకుని చప్పరించండి. వేలికొన పైన గట్టిగా, గీతలు గీతలుగా ఉన్న అంగిలి తగులుతుంది, నాలుక ఆ గట్టి చోటికేసి వేలిని రాపిడి చేస్తుంది. ఇప్పుడు వేలిని మెల్లగా ఇంకాస్త లోపలికి జరపండి, అంగిలి ఒక్కసారిగా మెత్తబడిన చోట ఆగండి. ఇక్కడ ఎంత చప్పరించినా వేలికి నొప్పి లేదు. మొన బిడ్డ నోట్లో అక్కడి దాకా పోవాలి. పోవాలంటే బిడ్డ మొనను మాత్రమే కాక, కింది వైపు నల్లటి వలయంలో ఎక్కువ భాగాన్ని కూడా నోట్లోకి తీసుకోవాలి.

ఎలా తీసుకునేలా చేయాలో ఇప్పటినుంచే ఒక బొమ్మతోనో, చుట్టిన తువ్వాలుతోనో నాలుగుసార్లు సాధన చేయండి. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. పక్కకు మెడ తిప్పి మనమూ గుక్కెడు నీళ్లు తాగలేం కదా! బిడ్డ ముక్కు మొనకు ఎదురుగా ఉండాలి. మొనతో పై పెదవిని తాకించి, బిడ్డ ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఓపిక పట్టండి. తెరిచిన క్షణంలో మీరు బిడ్డ మీదికి వంగకుండా, బిడ్డ వీపును పట్టి మీ దగ్గరకు తెచ్చుకోండి. గడ్డం రొమ్ములో ఒత్తుకుని ఉండటం, కింది పెదవి బయటికి తిరిగి ఉండటం, వలయం కింద కంటే పైన ఎక్కువ కనబడటం, బుగ్గలు లోపలికి పోకుండా నిండుగా ఉండటం, కాసేపటికి మింగే చప్పుడు వినబడటం మంచి పట్టుకు గుర్తులు. మొదటి రోజుల్లో పట్టిన తొలి అర నిమిషం కొంచెం లాగినట్టు ఉండవచ్చు. నొప్పి అలాగే కొనసాగితే పళ్లు బిగించి ఓర్చుకోకుండా, మీ చిటికెన వేలిని బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు వదిలించి మళ్లీ మొదలుపెట్టండి. తాగి వదిలాక మొన గుండ్రంగా ఉండాలి. కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే పట్టు చాలలేదని అర్థం. పాలిచ్చాక ఒకటి రెండు చుక్కల పాలనే మొనకు పూసి గాలికి ఆరనిస్తే చాలు, ప్రతిసారీ కడగవద్దు.

మిగిలిన సన్నాహం ఆసుపత్రితో మాట్లాడుకోవడం. పుట్టిన గంటలోపే పాలు మొదలుపెట్టాలనీ, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా ఇవ్వకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక, మీకూ ఆ అవసరం పడవచ్చనుకుని ముందే అడగండి: ఆపరేషన్ టేబుల్ మీదే బిడ్డను నా గుండెల మీద పెడతారా, రికవరీ గదిలో నాతో ఉంచుతారా, పాలు పట్టించడానికి ఎవరు సాయం చేస్తారు? కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద పెట్టుకుని పట్టే పద్ధతిని నర్సును అడిగి నేర్చుకోండి. తొలి రోజు పాలే లేవని అందరూ అంటారు. తొలి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది ఒకటి రెండు చెంచాల లోపే, ముర్రుపాలు ఉండేదీ అంతే.

చిన్న సంగతులు కొన్ని. లోదుస్తులు ఈ నెలలో ఒకసారి కొలిచి, తీగ లేని నూలువి రెండు కొనుక్కోండి, పాలు పడ్డాక సైజు మళ్లీ మారుతుంది కనుక ఇప్పుడే అరడజను కొనవద్దు. సీసాలు, పాలడబ్బా, ప్లాస్టిక్ మొనలు ముందు జాగ్రత్తగా సంచిలో పెట్టుకోవద్దు. అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే చేతికి మొదట తగిలేవి అవే.

పెద్దమ్మగారి దగ్గర ఆ పీచు గురించి వాదన పెట్టుకోకండి. ఆవిడకు అంతకంటే పెద్ద పని ఒకటి అప్పగించండి: బిడ్డ పుట్టిన గదిలోకి తేనె సీసా, చక్కెర నీళ్లు, గాడిద పాలు పట్టుకొచ్చే చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపడం. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చని ఒకసారి వివరంగా చెప్పండి. ముర్రుపాలు పిండి పారబోయమని ఎవరైనా అన్నా ఆవిడే జవాబు చెబుతారు. కాన్పు గదుల బయట నేను చూసినంతలో, నర్సు మాటకు ఆగని చుట్టాలు ఇంటి పెద్దావిడ ఒక్క చూపుకు ఆగిపోతారు.